ముందు పొడి, తర్వాత తడి: ఓరుగల్లు ఇళ్లకు శుభ్రత మార్గదర్శి

ఇల్లు శుభ్రం చేయాలనగానే మన చేయి ముందు బకెట్ మీదికే పోతుంది. నీళ్లు గుమ్మరించి, వైపర్‌తో వాకిట్లోకి తోసేసి, తళతళలాడుతోందని తృప్తిపడతాం. గంట తర్వాత చూస్తే నేల మీద తెల్లని పొర, గోడల అంచున బురద గీత, తలుపు అడుగున ఉబ్బిన చెక్క కనిపిస్తాయి. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనూ, అటు కరీంనగర్, పెద్దపల్లి వైపూ వాడకానికి బోరు నీళ్లే దిక్కయిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆవిరికాగానే ఎక్కడివక్కడ పేరుకుపోతాయి. కడిగిన ప్రతిసారీ మురికిలో కొంత భాగం మనమే పోస్తున్నాం.

అందుకే ఇక్కడ చెప్పబోయేదంతా ఒకే అలవాటు చుట్టూ తిరుగుతుంది. పొడిగా తీయగలిగినదంతా ముందు తీసేయాలి. ఆ తర్వాతే తడి, అది కూడా గట్టిగా పిండిన గుడ్డలో ఉండేంత తడి. చివరగా ఆరబెట్టాలి. నీళ్లు పోసి కడగక తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను.

మీ నేల ఏ రాయి?

మన దగ్గర ఒక్క ఇంట్లోనే మూడు నాలుగు రకాల నేలలు ఉండటం మామూలే. పాత గదుల్లో షాబాద్ బండలో తాండూరు బండలో ఉంటాయి, నడుమ హాల్లో మొజాయిక్, తర్వాత కట్టిన పై అంతస్తులో టైల్స్, వంటగట్టు మీద కరీంనగర్ గ్రానైట్. అన్నింటికీ ఒకే సీసాలోని మందు వాడటం దగ్గరే తేడా వస్తుంది.

షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. ఆమ్లం తగిలితే సున్నపురాయి కరుగుతుంది. మొజాయిక్‌లో ఉండే పాలరాతి ముక్కలకూ, వాటిని పట్టి ఉంచే సిమెంటుకూ ఇదే గతి. "యాసిడ్ పోసి కడిగితే కొత్త బండల్లా అవుతాయి" అని గృహప్రవేశాల ముందు, పెళ్లిళ్ల ముందు ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉంటారు. ఆ రోజుకు నిజంగానే కొత్తగా కనిపిస్తాయి, ఎందుకంటే నున్నని పైపొర కరిగిపోయి లోపలి రాయి బయటపడుతుంది. అది గరుకుగా ఉంటుంది కాబట్టి మర్నాటి నుంచి ప్రతి అడుగు మట్టినీ పట్టి దాచుకుంటుంది. ఆ మురికి పోవడానికి మళ్లీ యాసిడ్ తెస్తారు. నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు కూడా ఆమ్లాలే. వాటి దెబ్బ నెమ్మదిగా తగులుతుంది, అంతే.

మీ బండ ఏ రకమో తెలియకపోతే మంచం కిందో బీరువా వెనకో ఒక మూల చూసి ఒక చుక్క నిమ్మరసం వేయండి. కాసేపయ్యాక తుడిస్తే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగిలినా, వేసినప్పుడు సన్నని బుడగలు వచ్చినా, ఆ గదిలోకి ఆమ్లం ఏదీ రాకూడదని గుర్తు. గ్రానైట్ ఈ పరీక్షకు చలించదు. టైల్స్ కూడా తట్టుకుంటాయి కానీ వాటి సందుల్లోని సిమెంటు తట్టుకోదు. యాసిడ్‌తో కడిగిన స్నానాలగదుల్లో టైల్స్ బాగానే ఉండి సందులు గుంటలు పడటం ఇందువల్లే.

సున్నపురాయి బండలకు సరిపడేది గోరువెచ్చని నీళ్లలో కలిపిన కొద్దిపాటి సబ్బుద్రావణం. గిన్నెలు తోమే ద్రవం అర బకెట్‌కు ఒక చెంచా చాలు. ఎక్కువైతే సబ్బు పొర మిగిలి కాళ్లకు అంటుకుంటుంది.

రోజూ చేయాల్సింది

రోజువారీ పని తక్కువగా ఉండాలి, తప్పకుండా జరగాలి. పొద్దున అరగంట, రాత్రి పావుగంట దాటే ప్రణాళిక ఏదైనా రెండో వారానికి మూలన పడుతుంది.

పొద్దున మొదటి పని కిటికీలు తెరవడం. రెండోది పక్కలు సర్దడం. దుప్పట్లు దులిపేది ఊడవక ముందే కానీ తర్వాత కాదు. మూడోది చేతికి అందే ఎత్తులో దుమ్ము తుడవడం: టీవీ పైన, ఫ్రిజ్ పైన, కిటికీ చట్రం మీద. ఇక్కడ వాడేది పొడి నూలు గుడ్డ. పాత పంచె ముక్క గానీ లుంగీ ముక్క గానీ దీనికి బజారులో దొరికే ఏ గుడ్డకూ తీసిపోదు. ఈకల బ్రష్‌తో విదిలిస్తే దుమ్ము టీవీ మీద నుంచి సోఫా మీదికి చేరుతుంది తప్ప ఇల్లు దాటదు.

తర్వాత ఊడవడం. ఫ్యాన్ ఆపండి. ఎండాకాలం ఎవరికీ ఆపబుద్ధి కాదు కానీ తిరిగే ఫ్యాన్ కింద ఊడ్చిన గది ఊడ్చినట్టు కాదు. ఇంటి లోపలికి మెత్తని కొండచీపురు, వాకిలికీ మేడమీదికీ ఈత చీపురో కొబ్బరి పుల్లల చీపురో వాడాలి. ఈ రెండూ కలపకూడదు. వాకిట్లో వాడినదాన్ని హాల్లోకి తెస్తే మట్టి కూడా వెంట వస్తుంది. మూలల నుంచి నడిమికి, నడిమి నుంచి గుమ్మం వైపుకు ఊడ్చుకు రండి. చీపురు కొస నేల విడవకుండా, చిన్న చిన్న వేట్లుగా లాగాలి. గాలిలోకి ఎగరేసినట్టు కొడితే ఊడ్చేవాళ్లకు తుమ్ములు, ఇంటికి మళ్లీ దుమ్ము. ప్రతి గదిలోనూ చెత్తను అక్కడికక్కడే చేటలోకి ఎత్తండి. వెనక గది చెత్తను హాలంతా ఈడ్చుకొస్తే హాలు రెండుసార్లు ఊడ్చాలి.

షాబాద్ బండల మధ్య సందుల్లో దుమ్ము కూరుకుపోతుంది. అది తడిస్తే నల్లని గీతగా గట్టిపడి ఇక రాదు. వారానికోసారి పాత పళ్లబ్రష్‌తో గానీ గట్టి కుంచెతో గానీ ఆ సందుల్ని పొడిగానే గీకి ఊడ్చేస్తే చాలు.

ఇప్పుడు తడి గుడ్డ. దీనికి రెండు బకెట్లు కావాలి. ఒకదాంట్లో సబ్బు కలిపిన నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు. మురికైన గుడ్డను ముందు మామూలు నీళ్లలో జాడించి పిండి, ఆ తర్వాత సబ్బునీళ్లలో ముంచి మళ్లీ పిండాలి. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిస్తే మొదటి గదికి మాత్రమే శుభ్రమైన నీళ్లు అందుతాయి, వంటింటికి వచ్చేసరికి ఆ బకెట్‌లో ఉండేది బురద. గుడ్డ ఎంత పిండాలంటే, చేత్తో పైకి ఎత్తి పట్టుకుంటే ఒక్క చుక్క కూడా రాలకూడదు. గోడ దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపు వెనక్కి జరుగుతూ, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పాము నడకలా తుడుచుకుంటూ రండి. రెండు మూడు నిమిషాల్లో నేల ఆరిందంటే సరిగ్గా పిండారని లెక్క. పది నిమిషాలైనా తడిగా మెరుస్తోందంటే తెల్లపొర మిగలడం ఖాయం.

నల్లా నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ పనికి ఒక బకెట్ ఆ నీళ్లు పట్టి పెట్టుకోండి. నగరానికి వచ్చే సరఫరా నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి వంటి చెరువుల్లో నిల్వచేసినవి కాబట్టి చాలా వీధుల బోర్లంత గట్టి నీళ్లు కావు. తాగే నీళ్లతో నేల తుడవడమా అని పెద్దవాళ్లు గొణుగుతారు. ఒక బకెట్ నల్లా నీళ్లతో తుడవడమా, మూడు బకెట్ల బోరు నీళ్లతో కడగడమా అన్నది వాళ్లనే తేల్చమనండి.

తుడిచే నీళ్లలో దొడ్డు ఉప్పు వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దిష్టి పోతుందనే నమ్మకంతో వేసేవాళ్లతో నాకు వాదన లేదు. కానీ ఉప్పు నేలను శుభ్రం చేయదు. ఆరాక అది కూడా పొరగా మిగులుతుంది. వారంలో ఒక్క రోజు, గుమ్మం వరకే వాడితే నమ్మకానికీ లోటు ఉండదు, నేలకూ పెద్దగా ఇబ్బంది ఉండదు.

ఇంట్లోకి వచ్చే మట్టిలో ఎక్కువ భాగం వాకిలి నుంచే వస్తుంది. ముగ్గుపిండి, వీధి దుమ్ము, గడప పసుపు అన్నీ అరికాళ్లతోనే లోపలికి నడిచి వస్తాయి. అందుకే కాళ్లు తుడుచుకునే పట్టాలు రెండు కావాలి: గడప అవతల కొబ్బరి పీచుది, ఇవతల నూలుది. గడపకు పసుపు పూసే రోజున ముందు తుడిచి, ఆరనిచ్చి, పసుపును చిక్కగా కలిపి పలచగా పూయండి. పొడి చల్లితే సాయంత్రానికి అది హాలంతా ఉంటుంది.

రాత్రి పావుగంటలో చేయాల్సినవి మూడే. వస్తువులన్నీ వాటి చోటికి చేరాలి, వంటగట్టు పొడిగా ఉండాలి, సింకులో ఒక్క గిన్నె కూడా మిగలకూడదు. వస్తువులు చోటికి చేర్చే పని ఒక్కరిది కాదు. ఎవరు తీశారో వాళ్లే పెట్టాలి, ఇంటి పెద్దాయన చదివి పడేసిన పేపరుతో సహా.

వంటిల్లు: జిడ్డుకు వేడి, పొరకు పులుపు

వంటింట్లో రెండు రకాల మురికి ఉంటుంది. ఒకటి నూనె జిడ్డు, దానికి వేడినీళ్లు, సబ్బు, చాకలి సోడా కావాలి. రెండోది నీళ్ల ఉప్పు పొర, దానికి పులుపు కావాలి. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. రెండూ కలిపి నురగ వచ్చిందని సంబరపడటం ఈ మధ్య వీడియోల పుణ్యమా అని బాగా పెరిగింది. సోడా, వెనిగర్ కలిస్తే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ఆ నురగ చూడటానికే గానీ తోమడానికి పెద్దగా పనికిరాదు.

పొయ్యి చుట్టూ పడ్డ నూనెను వెచ్చగా ఉండగానే పేపరు ముక్కతో అద్ది తీసేయండి. నేరుగా తడి గుడ్డ పెడితే నూనె గట్టంతా పరుచుకుంటుంది. పేపరు తర్వాత సబ్బు గుడ్డ, దాని తర్వాత పొడి గుడ్డ. మంట నీలంగా కాకుండా పసుప్పచ్చగా వస్తూ గిన్నెల అడుగు మసిబారుతోందంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయి ఉండవచ్చు. సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేసి, బర్నర్ చల్లారాక తీసి, వేడి సబ్బునీళ్లలో అరగంట నానబెట్టి, రంధ్రాల్ని సన్నని పిన్నుతో ఒక్కొక్కటిగా పొడిచి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి. అప్పటికీ మంట రంగు మారకపోతే మెకానిక్‌ను పిలవాల్సిందే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ను నెలకోసారి తుడిస్తే అది సులువైన పని. ఏడాదికోసారి అయితే ఒక పూటంతా పడుతుంది. మెయిన్ స్విచ్ ఆపాకే చేయి పెట్టండి. రెక్కలు ఇనుమువో ప్లాస్టిక్‌వో అయితే వేడినీళ్లలో చాకలి సోడా వేసి తుడవవచ్చు. అల్యూమినియం రెక్కలకు సోడా తగలకూడదు, నల్లబడతాయి. వాటికి సబ్బునీళ్లు చాలు.

కుళాయిల మీద, స్టీలు సింకు మీద, నీళ్ల బిందె అడుగున పట్టే తెల్లని పొరకు కిరాణాకొట్లో దొరికే నిమ్మ ఉప్పు మంచి మందు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలిపి, అందులో ముంచిన గుడ్డను కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. తర్వాత పాత బ్రష్‌తో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచేయండి. ఈ తుడవడాన్నే అందరూ వదిలేస్తారు. తుడవకుండా వదిలేసిన కుళాయి ఆ సాయంత్రానికే మళ్లీ పొర మొదలుపెడుతుంది. ఈ నీళ్లు కింద షాబాద్ బండ మీద కారకుండా పాత తువ్వాలు పరవడం మరిచిపోవద్దు.

మసిగుడ్డ, గిన్నెలు తోమే స్పాంజి ఎప్పుడూ తడిగా ఉంటే అవే ఇంట్లో అన్నింటికన్నా మురికి వస్తువులవుతాయి. మసిగుడ్డలు అరడజను పెట్టుకుని రోజూ మార్చి, ఉతికి, ఎండలో ఆరేయండి. స్పాంజిని సింకులో వదలకుండా పిండి నిలబెట్టండి.

చీమల బారు కనిపిస్తే మందు కొట్టే ముందు సబ్బునీళ్లతో ఆ దారంతా తుడవండి. అవి వాసన దారి పట్టుకుని నడుస్తాయి, దారి చెరిగితే చెదిరిపోతాయి. మేడారం జాతర ఏడాదిలో ఇంటింటా బంగారం వస్తుంది కదా, ఆ బెల్లాన్ని కవర్లలోనే ఉంచకుండా వచ్చిన రోజే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలోకి మార్చండి. బొద్దింకలకు బోరిక్ పౌడరు, గోధుమపిండి, కాస్త చక్కెర కలిపిన చిన్న ఉండలు సింకు కింద, ఫ్రిజ్ వెనక పెట్టవచ్చు. పాకే పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో మాత్రం ఇది వద్దు.

స్నానాలగది, మరుగుదొడ్డి

ఇక్కడ అన్నింటికన్నా ముందు ఒక హెచ్చరిక. మరుగుదొడ్డి క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. బ్లీచింగ్ పౌడరు దానితో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసి ఉన్న చిన్న గదిలో ఊపిరితిత్తులకు అది ప్రమాదం. "రెండూ వేస్తే రెట్టింపు శుభ్రం" అనే ఆలోచనను ఇంట్లో ఎవరికీ రానివ్వకండి. పొరపాటున కలిస్తే వాసన చూస్తూ నిలబడకుండా వెంటనే బయటికి వచ్చేయండి. తలుపు తెరిచి ఉంచి, గాలి ఆడి వాసన పూర్తిగా పోయేదాకా లోపలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. దగ్గు గానీ ఆయాసం గానీ వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఈ రెంటినీ ఒకే అలమరలో పక్కపక్కన పెట్టకపోవడం మంచిది. ఖాళీ అయిన నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో యాసిడ్ పోసి ఉంచే అలవాటును ఈ రోజే మానేయండి.

పని వరుస ఇలా ఉంటుంది:

1. బకెట్లు, మగ్గులు, సబ్బుపెట్టె, చెప్పులు అన్నీ బయట పెట్టండి. కిటికీ తెరిచి, చేతికి తొడుగులు వేసుకోండి.
2. పొడిగా ఉండగానే పైకప్పు మూలల్లో బూజు, కిటికీ రెక్కల మీద దుమ్ము, జాలీ మీద వెంట్రుకలు తీసేయండి. తడిశాక వెంట్రుకలు చీపురుకు చుట్టుకుంటాయి.
3. కమోడ్ అంచు కింద క్లీనర్ వేసి, సీసా మీద రాసినంతసేపు ఆగండి. వేయగానే రుద్దితే మందూ వృథా, శ్రమా వృథా. ఆగిన సమయంలో అద్దం, వాష్‌బేసిన్ సబ్బుతో తుడవండి.
4. గోడ టైల్స్‌ను పై నుంచి కిందికి సబ్బునీళ్లతో రుద్దండి. కుళాయిల దగ్గర తెల్లపొరకు నిమ్మ ఉప్పు.
5. చివర కమోడ్ రుద్ది నీళ్లు వదలండి. నేల కడగండి. ఇక్కడ నీళ్లు పోయక తప్పదు.
6. వైపర్‌తో గోడల మీది నీళ్లను కూడా కిందికి లాగి, నేల నీళ్లను జాలీలోకి తోసేయండి. తలుపు తెరిచి ఆరనివ్వండి.

ఆరో పనిని స్నానం చేసిన ప్రతివాళ్లూ రోజూ చేస్తే మిగతా ఐదు వారానికోసారి చాలు. స్నానాలగదిలో పాకుడు పట్టడానికి కారణం నిలిచిన తడి. ఇంట్లో వయసు పైబడినవాళ్లు ఉంటే ఇది శుభ్రత సంగతి మాత్రమే కాదు, జారి పడకుండా చూసుకోవడం కూడా.

వాడని బాత్రూం నుంచి వాసన వస్తోందంటే అక్కడ శుభ్రం తక్కువై కాకపోవచ్చు. జాలీ కింది వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉండి మురుగు వాయువునూ బొద్దింకల్నీ ఆపుతాయి. నెల రోజులు వాడకపోతే, ముఖ్యంగా ఎండాకాలంలో, ఆ నీళ్లు ఆరిపోతాయి. వారానికో రెండు మగ్గుల నీళ్లు పోయండి చాలు.

కూలర్, ట్యాంకు, దోమలు

మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటే ఊళ్లలో కూలర్ లేని ఇల్లు తక్కువ. కూలర్ గడ్డి మీద తెల్లగా గట్టిపడే పెచ్చులు కూడా బోరు నీళ్ల ఉప్పే. పెచ్చు కట్టిన గడ్డిలోంచి గాలి సరిగా రాదు, నీళ్లు సమంగా పారవు. వారానికోసారి ప్లగ్ తీసి, పాత నీళ్లు పూర్తిగా వదిలేసి, తొట్టి అడుగున పేరుకున్న ఒండ్రు తుడిచి, కొత్త నీళ్లు పోయాలి. రోజూ పై నుంచి నీళ్లు కలుపుతూ పోతే ఉప్పు గాఢత పెరుగుతూనే ఉంటుంది. సీజన్ అయిపోయాక గడ్డి తీసేసి, తొట్టిని పొడిగా తుడిచి, కప్పి పెట్టండి. కొత్త గడ్డి వచ్చే ఎండాకాలానికి కొనుక్కోవచ్చు.

డెంగీ తెచ్చే దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోయాలని చెప్పేది అందుకే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అనే కార్యక్రమం పెట్టింది. ప్రచారం ఆగినా ఆ పది నిమిషాలు మాత్రం పట్టుకోదగినవి. పూలకుండీ పళ్లేలు, ఫ్రిజ్ వెనక నీళ్ల పెట్టె, మేడమీది పాత టైరు, సగం నిండిన రంగు డబ్బా, పక్షులకు పెట్టిన నీళ్ల చిప్ప, మూత పగిలిన ట్యాంకు చూసి రావాలి. పక్షుల చిప్పను పారబోసి ఊరుకోవద్దు, గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్ది కడగాలి.

షోకేసులో తడి గుడ్డ పెట్టకూడనివి

మన జిల్లాల ఇళ్లలో షోకేసులో ఉండేవన్నీ ఒక పద్ధతికి లొంగవు. నిర్మల్ బొమ్మ గానీ పటం గానీ చెక్క మీద వేసిన రంగు, మెత్తని పొడి గుడ్డే దానికి. చేర్యాల నకాషీ పటం గుడ్డ మీద పూత పూసి గీసింది, నీటి చుక్క పడినా రంగు కదలవచ్చు. అద్దం వేయించి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించండి. ఆ అద్దం తుడిచేటప్పుడు కూడా ముందు గుడ్డ మీద నీళ్లు చల్లుకుని తుడవండి. అద్దం మీదే చల్లితే చట్రంలోంచి లోపలికి దిగుతాయి. కరీంనగర్ వెండి తీగ పని నల్లబడటానికి గాలిలోని గంధకం కారణం. సన్నని తీగల మధ్య టూత్‌పేస్టు పెట్టి రుద్దితే అది అక్కడే ఇరుక్కుంటుంది, తీగ వంగుతుంది. మెత్తని గుడ్డలో చుట్టి, గాలి చొరని పెట్టెలో పెట్టి, అవసరమైతే కంసాలికి ఇవ్వండి.

పెంబర్తి ఇత్తడి పని సంగతి వేరు. పూజ గదిలో వాడే ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు. కానీ ఉబ్బెత్తు చెక్కడం ఉన్న పలకల్ని పీచుతో గట్టిగా రుద్దితే చెక్కడం అంచులు అరుగుతాయి. పైన మెరుపు పూత వేసి అమ్మిన వస్తువైతే పులుపు తగలగానే ఆ పూత మచ్చలు మచ్చలుగా లేస్తుంది. దానికి పొడి గుడ్డ చాలు.

వరంగల్ జంపఖానాను, అంటే కొత్తవాడ మగ్గాల మీద నేసే నూలు తివాచీని, వారానికోసారి మేడమీద తిరగేసి పరిచి కర్రతో కొట్టండి. ఒక గంట పొద్దుటి ఎండ చాలు. రోజంతా మిట్టఎండలో వదిలితే రంగు వెలుస్తుంది. ఉతికేది చల్లని నీళ్లలోనే. మొదటిసారి ఒక మూల తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందో లేదో చూసుకోండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది, పరిచి ఆరేయాలి.

చెత్త, కోతులు

ఇంట్లోనే తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరు చేయాలి. పచ్చ డబ్బా తడికి, నీలం డబ్బా పొడికి. వాడిన బ్యాటరీలు, పగిలిన బల్బులు, గడువు తీరిన మందులు వేరుగా. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి ఇవ్వాలి. చెత్త ఎత్తేవాళ్లు వాటిని చేతులతో వేరు చేయాల్సిన పరిస్థితి మనం కల్పించకూడదు.

తడి చెత్త డబ్బా అడుగున పేపరు ముక్క వేయండి, నీళ్లు వంపేసిన చెత్తనే పడేయండి. వాసన వచ్చేది చెత్త నుంచి కాదు, అడుగున నిలిచే నీళ్ల నుంచి. రాత్రిపూట డబ్బాను గేటు బయట పెట్టే వీధుల్లో పొద్దున చూసే దృశ్యం కోతుల పుణ్యమే. ఉత్తర తెలంగాణలో కోతుల బెడద తెలియని ఊరు ఉండదు. ఆటో వచ్చే వేళకే డబ్బా బయట పెట్టడం, మూతకు రబ్బరు పట్టీ వేయడం, మేడమీద పెసరప్పడాలు, వడియాలు ఆరబెట్టినప్పుడు ఎవరో ఒకరు కాపలా ఉండటం తప్ప దీనికి వేరే ఉపాయం నాకు తెలియదు.

వాన కాలంలో, వరద తర్వాత

వానల్లో బీరువా, అలమరలు గోడకు అంటకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. గోడ చెమ్మ బట్టలకు ఎక్కదు. ఎండ వచ్చిన రోజు తలుపులు తెరిచి ఉంచండి. కలరా ఉండలు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: నెలల పిల్లల బట్టల్లో, దుప్పట్లలో అవి పెట్టకూడదు. కొందరు పసిపిల్లల్లో ఆ ఆవిరి రక్తకణాలను దెబ్బతీస్తుంది. బదులుగా ఎండిన వేపాకు పెట్టండి. గోడ మీద నల్లని బూజు పట్టిన చోట పొడి చీపురు వేయవద్దు, గదంతా ఎగిరి పడుతుంది. ఇది పొడి తర్వాత తడి అనే నియమం వర్తించని చోటు. సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో అద్ది తీసి, ఆ గుడ్డను పారేయండి.

2023 జులై వానలకు హనుమకొండ, వరంగల్ లోతట్టు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి రోజున ఇంట్లోకి తిరిగి అడుగుపెట్టే ముందు చేయాల్సిన మొదటి పని కరెంటు మెయిన్ ఆపించడం. మీటరు దగ్గరికి తడిలో నడవాల్సి వస్తే మీరు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను గానీ లైన్‌మన్‌ను గానీ పిలవండి. రెండో పని బురద తీయడం, అది కూడా తడిగా ఉండగానే. ఒకసారి ఆరి గట్టిపడితే పారతో గీకినా రాదు, ఆ దుమ్ము వారాల తరబడి ఇల్లంతా తిరుగుతుంది. నీళ్లు ధారాళంగా పోసి పై గదుల నుంచి గుమ్మం వైపు తోసుకురండి. బురద పూర్తిగా పోయాకే బ్లీచింగ్ పౌడరు నీళ్లతో నేల తుడవండి. బురద ఉండగా బ్లీచింగ్ చల్లితే దాని శక్తి అంతా బురదకే ఖర్చవుతుంది. సంపులోకి వరద నీళ్లు దిగి ఉంటే మోటారు వేయకండి. సంపు ఖాళీ చేయించి, గోడలు రుద్ది, క్లోరిన్ వేయించాకే నీళ్లు వాడాలి. పరుపులు మురుగునీళ్లలో తడిస్తే ఎంత ఖరీదైనవైనా వదులుకోవడమే మేలు.

సజ్జ మీది సామాను

ఏడాదికోసారి చేసే పెద్ద పనికి బతుకమ్మకు ముందు వారాలు అనువైనవి. వానలు తగ్గుముఖం పట్టి ఎండ కాస్తుంది కాబట్టి తడిపినదల్లా ఆరుతుంది. ఒక్క రోజులో ఇల్లంతా తిరగేయాలనుకోకుండా రోజుకో సజ్జ దించండి. పైన బూజు కర్ర, తర్వాత ఫ్యాన్లు, తర్వాత కిటికీలు, ఆఖరున నేల. ఫ్యాన్ రెక్కకు పాత దిండుగలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్ము గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద పడదు.

దించిన సామానును మూడు కుప్పలు చేయండి: వాడేవి, ఇచ్చేసేవి, పాత సామాన్లవాడికి వేసేవి. పండుగకు తప్ప దిగని పెద్ద గంగాళాలు, పెళ్లిళ్ల బిందెలు మొదటి కుప్పలోకే వస్తాయి, వాటి మీద వాదన పెట్టుకోకండి. పగిలిన ప్లాస్టిక్ కుర్చీ, మూతలేని డబ్బాలు, పనిచేయని మిక్సీ మూడో కుప్పలోకి. బాగు చేయిద్దామని పోయిన దసరాకు పైన పెట్టిన వస్తువు ఈ దసరాకూ అక్కడే ఉంటే అది బాగయ్యేది లేదు. సజ్జ మీద బొత్తిగా ఆరిన పేపరు పరిచి, చెదల మట్టి గీతలు ఎక్కడైనా కనిపిస్తున్నాయేమో గోడ మూలల్లో చూసుకుని, పుస్తకాలూ చెక్క పెట్టెలూ గోడకు తగలకుండా పెట్టండి. ఏ డబ్బాలో ఏముందో చీటీ రాసి అతికించండి. బతుకమ్మ తాంబాలం, సద్దుల గిన్నెలు ముందు వరుసలో ఉండాలి, తొమ్మిది రోజులూ వాటితోనే పని.